బకాయిలు రావడం లేదంటూనే ఆరోగ్యశ్రీ కావాలంటారెందుకు? ప్రైవేటు ఆసుపత్రుల లెక్క ఇదీ

2025 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లోని ప్రైవేటు స్పెషాలిటీ ఆసుపత్రులు ఎన్టీఆర్ వైద్య సేవ (పాత పేరు ఆరోగ్యశ్రీ) కేసులు తీసుకోవడం ఆపేశాయి. ప్రభుత్వం నుంచి తమకు సుమారు రూ.2,700 కోట్లు రావాలని ఆసుపత్రుల సంఘం ‘ఆశ’ చెప్పింది. అంతకుముందు 2024 మేలోనూ ఇలాగే సేవలు ఆగాయి. ప్రైవేటులో ఇలా తలుపులు మూసుకున్నప్పుడల్లా మన ప్రాంతంలో ఆ భారమంతా తిరుపతిలోని ప్రభుత్వ ఆసుపత్రి రుయా మీద, టీటీడీ ఆసుపత్రి స్విమ్స్ మీద పడుతుంది. రాయచోటి నుంచో శ్రీకాళహస్తి నుంచో కార్డు పట్టుకుని వచ్చినవాళ్లు ఏ ఆసుపత్రిలో చేర్చుకుంటారో తెలియక టెన్షన్ పడతారు.

ఇక్కడ చాలామందికి అర్థం కాని విషయం ఒకటుంది. ప్యాకేజీ రేట్లు, అంటే ఒక్కో చికిత్సకు ప్రభుత్వం ఖాయం చేసిన ధరలు, గిట్టుబాటు కావడం లేదని, డబ్బు నెలల తరబడి రాదని ఆసుపత్రులే చెబుతున్నాయి. అలాంటప్పుడు పథకం నుంచి బయటికి వెళ్లిపోవచ్చు కదా? వెళ్లడం లేదు. బకాయిలు కట్టండి, రేట్లు పెంచండి అంటున్నాయే తప్ప, ఈ పథకం వద్దు అనడం లేదు. కొత్తగా కట్టే ఆసుపత్రి కూడా ముందు ఈ పథకంలో చేరాలనే చూస్తుంది.

దీన్ని కొందరు సేవాభావం అంటారు, ఇంకొందరు దోపిడీ అంటారు. ఈ రెండు మాటల వల్లా విషయం తేలదు. ఆసుపత్రి ఖాతా పుస్తకంలోకి ఒకసారి చూస్తే చాలావరకు తేలుతుంది.

పథకం ఎలా నడుస్తుంది

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. తర్వాతి విడతల్లో చిత్తూరు జిల్లాకూ వచ్చింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారింది, 2024 నుంచి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. జనం నోట మాత్రం ఇప్పటికీ ఆరోగ్యశ్రీయే కాబట్టి ఇక్కడ రెండు పేర్లూ వాడుతున్నాను.

పాకాల దగ్గర ఊరి నుంచి ఓ రైతు గుండెనొప్పితో తిరుపతిలో ఓ ప్రైవేటు ఆసుపత్రికి వచ్చాడనుకుందాం. పథకంలో చేరిన ఆసుపత్రిని నెట్‌వర్క్ ఆసుపత్రి అంటారు. అక్కడ రిసెప్షన్ పక్కనే ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది. మిత్ర కార్డు చూసి పేరు నమోదు చేస్తాడు. ఈసీజీ, యాంజియోగ్రామ్ రిపోర్టులు ఆన్‌లైన్‌లో పైకి పంపుతారు. పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు తరఫు డాక్టర్లు అవి చూసి అనుమతి ఇస్తారు. ఆసుపత్రి భాషలో ఇది ‘అప్రూవల్’. అది వచ్చాక స్టెంటు వేస్తారు. ఈ చికిత్సకు ప్రభుత్వం ముందే ఒక ధర ఖాయం చేసి ఉంటుంది. అదే ప్యాకేజీ. మంచం, పరీక్షలు, మందులు, భోజనం, ఇంటికి వెళ్లేటప్పుడు బస్సు చార్జీలు, తర్వాత 10 రోజుల మందులు, అన్నీ అందులోనే. రైతు ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. డిశ్చార్జి అయ్యాక ఆసుపత్రి కాగితాలన్నీ అప్‌లోడ్ చేసి బిల్లు పెట్టుకుని ఎదురుచూస్తుంది.

ఆ బిల్లు చెల్లించేది ఎవరన్నదాన్ని బట్టి రెండు పద్ధతులున్నాయి. ప్రభుత్వం ఇన్సూరెన్స్ కంపెనీకి కుటుంబానికింత అని ప్రీమియం కడితే, బిల్లులు కంపెనీ చెల్లిస్తుంది. ఇది బీమా పద్ధతి. మధ్యలో కంపెనీ లేకుండా ప్రభుత్వ ట్రస్టే నేరుగా చెల్లిస్తే అది ట్రస్టు పద్ధతి. ఆరోగ్యశ్రీ బీమా కంపెనీతో మొదలై, 2008లో కొత్త చికిత్సలు చేర్చినప్పటి నుంచి ట్రస్టు వైపు మళ్లింది.

ఖాళీ మంచం మీద పడే ఖర్చు

ఆసుపత్రి ఖర్చులు రెండు రకాలు. రోగి వచ్చినా రాకపోయినా తప్పనివి కొన్ని: బ్యాంకు వాయిదా, నర్సుల జీతాలు, కరెంటు, క్యాథ్ ల్యాబ్ (యాంజియోగ్రామ్ తీసి స్టెంట్లు వేసే గది) మెషీన్ మెయింటెనెన్స్. రోగి వస్తేనే అయ్యేవి మరికొన్ని: స్టెంటు, మందులు, ఒక్కో కేసుకు డాక్టరుకిచ్చే ఫీజు. తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి వెళ్లే బస్సు 20 మందితో బయల్దేరినా 50 మందితో బయల్దేరినా డీజిలు, డ్రైవరు జీతం దాదాపు ఒకటే. చివర్లో ఎక్కినవాడు సగం టికెట్టే ఇచ్చినా బస్సుకు అది లాభమే.

అంకెలు వేసి చూద్దాం. ఇవి లెక్క తెలియడానికి నేను వేసుకున్నవి, ఏ ఆసుపత్రివీ కావు. నెలకు తప్పని ఖర్చు రూ.60 లక్షలు. సొంత డబ్బు కట్టే రోగులు, అంటే సిబ్బంది మాటల్లో ‘క్యాష్ పేషెంట్లు’, నెలకు 50 మంది. ఒక్కొక్కరి బిల్లు రూ.1,50,000. అందులో కేసు మీద నేరుగా అయ్యే ఖర్చు రూ.60,000 పోతే రూ.90,000 మిగులుతుంది. 50 మందికి రూ.45 లక్షలు. తప్పని ఖర్చు రూ.60 లక్షలు కదా, నెలకు రూ.15 లక్షల నష్టం. సగం మంచాలు ఖాళీ.

ఇప్పుడు ఆరోగ్యశ్రీలో చేరారు. నెలకు ఇంకో 60 కేసులొచ్చాయి. ప్యాకేజీ రూ.90,000. కేసు మీద నేరుగా అయ్యే ఖర్చు అంతే, రూ.60,000. కేసుకు రూ.30,000 చొప్పున రూ.18 లక్షలు మిగిలాయి. 45, 18 కలిపితే 63. రూ.15 లక్షల నష్టంలో ఉన్న ఆసుపత్రి రూ.3 లక్షల లాభంలోకి వచ్చింది.

ఇదే ఆసుపత్రి అకౌంటెంటును అడిగితే ‘ప్యాకేజీ గిట్టడం లేదు’ అంటాడు. అతను చెప్పేదీ నిజమే. మొత్తం ఖర్చు రూ.1 కోటి 26 లక్షలు, కేసులు 110. సగటున ఒక్కో కేసుకు దాదాపు రూ.1,14,500 అవుతోంది. ప్రభుత్వం ఇస్తున్నది రూ.90,000. అందరూ కార్డు మీద వచ్చే రోగులే అయితే ఆసుపత్రి మూతపడుతుంది. కార్డు రోగులు అసలే రాకపోయినా మూతపడుతుంది. టీవీ చర్చల్లో ఒకరినొకరు అబద్ధాలాడుతున్నారని అనుకునేవాళ్లు ఈ రెండు వాక్యాల్లో ఒక్కటే పట్టుకుని మాట్లాడుతుంటారు.

బిల్లు ఆలస్యమైతే ఏమవుతుంది

పై లెక్కలో నెలకు ఆరోగ్యశ్రీ బిల్లులు రూ.54 లక్షలు. ఆరు నెలలు డబ్బు రాలేదంటే రూ.3 కోట్ల 24 లక్షలు నిలిచిపోయినట్టు. ఆ మేరకు రూపాయి వడ్డీకి అప్పు తెచ్చి నడిపితే నెలకు వడ్డీయే రూ.3,24,000. వచ్చిన రూ.3 లక్షల లాభం వడ్డీకే చాలలేదు. రేటు మారలేదు, రోగులు తగ్గలేదు, చికిత్స మారలేదు. బిల్లు రావడం ఆలస్యమైంది, అంతే.

అందుకే ఆసుపత్రులకు ప్యాకేజీ రేటు ఎంత ముఖ్యమో, డబ్బు ఎన్ని రోజుల్లో వస్తుందన్నది అంతే ముఖ్యం. ప్రభుత్వం వైపు నుంచి చూస్తే బకాయి అనేది వడ్డీ లేకుండా దొరికిన అప్పు. కాగితం మీద ఆ వడ్డీ ఎక్కడా కనిపించదు గానీ ఎవరో ఒకరు భరిస్తూనే ఉంటారు. ఆసుపత్రి స్టెంట్లు సరఫరా చేసేవాడికి చెల్లింపు ఆపుతుంది. నర్సు జీతం పదో తేదీకి, ఇరవయ్యో తేదీకి జరుగుతుంది. ఆఖరుకు ‘ఈ స్కానింగ్ ప్యాకేజీలో రాదు, బయట చేయించుకుని రండి’ అన్న మాటగా రోగి దగ్గరికి వస్తుంది. నిబంధనల ప్రకారం అలా అడగకూడదు. భార్య మెళ్లో గొలుసు తాకట్టు పెట్టి ఆ పరీక్ష చేయించిన మనిషికి ఆ నిబంధన ఉందనే తెలియదు. నాకు బాధ కలిగించేది ఇదే: ఖజానా ఆలస్యం ఖరీదు చివరికి, పథకం ఎవరికోసమైతే పెట్టారో వాళ్లే కడుతున్నారు.

అన్ని ఆసుపత్రుల అవసరం ఒకటి కాదు

ప్రైవేటు ఆసుపత్రులు అని ఒక్క మాటలో అంటాం కానీ వాటి లెక్కలు వేరువేరు. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు నగరాల్లో పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల మంచాలు సొంత డబ్బుతో, ప్రైవేటు ఇన్సూరెన్సుతో వచ్చేవాళ్లతోనే నిండుతాయి. షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీలు ఒక్కో మంచం మీద రోజుకు సగటున ఎంత రాబడి వచ్చిందో మూడు నెలలకోసారి మదుపరులకు చెప్పుకోవాలి. ప్రభుత్వ పథకం కేసులు పెరిగితే ఆ సగటు తగ్గుతుంది. కాబట్టి పథకాల మీద అలాంటివాటికి పెద్ద మోజు ఉండదు.

తిరుపతి, చిత్తూరు, మదనపల్లె లాంటి ఊళ్లలో 50, 100 మంచాల ఆసుపత్రుల పరిస్థితి వేరు. పైసా ఉన్నవాళ్లు గుండె ఆపరేషన్ అనగానే చెన్నై బస్సెక్కుతారు. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ పక్కనే ఉన్నట్టు లెక్క. కుప్పం వాళ్లు బెంగళూరు వైపు చూస్తారు. ఇక్కడ మిగిలేది ఎక్కువగా కార్డున్న రోగే. ఆ రోగి లేకపోతే ఇక్కడ క్యాథ్ ల్యాబ్ పెట్టే ధైర్యం ఎవరూ చేయరు. ఒకసారి పెట్టాక క్యాష్ పేషెంటుకూ అది దగ్గర్లో దొరుకుతుంది. పథకం వల్ల చిన్న ఊళ్లకు స్పెషలిస్టులు వచ్చారనే వాదనలో బలం ఇక్కడుంది.

డయాలసిస్ మరీ నికరమైన రాబడి. కిడ్నీలు పాడైన మనిషి వారానికి రెండు, మూడు సార్లు రావాల్సిందే, ఏళ్ల తరబడి. ఒక్కసారి వచ్చే డబ్బు తక్కువే అయినా నెలకెన్ని కేసులో ముందే తెలుస్తుంది. మెషీన్ మీద తెచ్చిన అప్పు తీర్చడానికి అంతకంటే భరోసా ఏముంటుంది?

ప్రైవేటు మెడికల్ కాలేజీలకు ఇంకో అవసరం ఉంది. సీట్ల అనుమతి నిలవాలంటే బోధనాసుపత్రిలో మంచాలు నిండి ఉండాలి, విద్యార్థులకు చూడటానికి కేసులుండాలి. వాళ్లకు రోగి రావడమే విలువ. ప్యాకేజీలో నష్టం వచ్చినా ఫీజుల్లో సర్దుకుంటుంది.

ఈ పథకం డబ్బు ప్రభుత్వ ఆసుపత్రులకూ వెళ్తుందని చాలామందికి తెలియదు. రుయా ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ చేస్తే ఆ ప్యాకేజీ సొమ్ము ఆసుపత్రికి జమవుతుంది. కొంత డాక్టర్లకు, సిబ్బందికి ప్రోత్సాహకంగా ఇస్తారు. టీటీడీ ఆధ్వర్యంలోని స్విమ్స్‌కూ ఇది ముఖ్యమైన రాబడి. కాబట్టి ‘ఈ డబ్బంతా ప్రైవేటుకే’ అనడం పూర్తిగా సరికాదు. ప్రైవేటు పోటీలో ప్రభుత్వ ఆసుపత్రులు వెనకబడితే డబ్బు కూడా అటే పోతుందన్న విమర్శ మాత్రం నిలుస్తుంది.

మందులు, పరికరాల కంపెనీలకు కావాల్సింది అమ్మకాల సంఖ్య. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరకు కళ్లెం వేసింది. మందు పూసిన స్టెంటుకు అప్పుడు పెట్టిన పరిమితి రూ.29,600. ఒక్కోదాని మీద మిగులు తగ్గినప్పుడు, ఎక్కువమందికి వేయించగల పథకమే వాళ్లకు మార్కెట్.

అమెరికాలోనూ ఇదే లెక్క

మన జిల్లాలో అమెరికాలో పిల్లలున్న ఇళ్లు తక్కువేం కాదు. అక్కడ ఇన్సూరెన్స్ లేకపోతే ఆసుపత్రి గడప తొక్కలేమని వాళ్లు చెప్పడం వినే ఉంటారు. 1965లో వృద్ధుల కోసం మెడికేర్ తెస్తున్నప్పుడు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ గట్టిగా వ్యతిరేకించింది. 2009లో ఒబామా ప్రభుత్వం ఆరోగ్య చట్టం తెస్తుంటే ఆసుపత్రుల సంఘాలు అడ్డుపడకపోగా, పదేళ్లలో 155 బిలియన్ డాలర్ల మేర ప్రభుత్వ చెల్లింపుల్లో కోతకు ఒప్పుకున్నాయి. మందుల కంపెనీలు 80 బిలియన్ డాలర్ల మేర తగ్గించుకుంటామన్నాయి.

అంత సొమ్ము ఎందుకు వదులుకుంటారు? 1986 నాటి చట్టం ప్రకారం అక్కడ ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని డబ్బు లేదని పంపేయకూడదు. ఇన్సూరెన్స్ లేనివాళ్లకు వైద్యం చేసి, బిల్లు వసూలు కాక ఆసుపత్రులు నష్టపోతున్నాయి. వాళ్లందరికీ ప్రభుత్వ డబ్బుతో బీమా వస్తే రాని బాకీ కాస్తా వచ్చే బిల్లు అవుతుంది. 2012లో సుప్రీంకోర్టు పేదల బీమా అయిన మెడికెయిడ్ విస్తరణను రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. తర్వాత చాలా రాష్ట్రాల్లో విస్తరణ కోసం చట్టసభల చుట్టూ తిరిగినవాళ్లలో ఆసుపత్రుల సంఘాలు ముందున్నాయి. విస్తరించిన రాష్ట్రాల్లో ఆసుపత్రులకు వసూలు కాని బిల్లులు నిజంగానే తగ్గాయి.

అయితే 2018, 2019ల్లో అందరికీ ఒకే ప్రభుత్వ బీమా, ‘మెడికేర్ ఫర్ ఆల్’ అన్న చర్చ లేచినప్పుడు ఆసుపత్రులు, ఇన్సూరెన్స్, మందుల కంపెనీలు కలిసి కూటమి కట్టి వ్యతిరేకించాయి. బిల్లు కట్టలేనివారి తరఫున ప్రభుత్వం కడితే సంతోషం. బాగా కట్టగలిగినవారి ధర కూడా ప్రభుత్వమే నిర్ణయిస్తానంటే ఒప్పుకోరు. పైన తిరుపతి ఆసుపత్రి లెక్కలో 50 మంది క్యాష్ పేషెంట్లకు కూడా రూ.90,000 ప్యాకేజీయే వర్తింపజేసి చూడండి. రూ.45 లక్షల మిగులు రూ.15 లక్షలకు పడిపోతుంది. వ్యతిరేకత ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది.

లాభం కోరిక రోగికి ఎప్పుడు మేలు, ఎప్పుడు చేటు

కేసుకింత అని చెల్లిస్తే ఆసుపత్రి ఎక్కువ కేసులు చేయాలని చూస్తుంది. గుండెపోటు వచ్చిన మనిషి విషయంలో ఇది మంచిదే, త్వరగా చేర్చుకుంటారు. ఆపరేషన్ అవసరమా కాదా అన్నది డాక్టరు మాట మీదే ఆధారపడిన చోట ఇదే ప్రమాదం. గర్భసంచి తొలగించే ఆపరేషన్లు ఇందుకు ఉదాహరణ. ఉమ్మడి రాష్ట్రంలో అనవసరంగా చేస్తున్నారన్న ఆరోపణలు వచ్చాక ఆరోగ్యశ్రీలో ఆ ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేశారు. బిహార్, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్‌లలో ఇలాగే జరిగిందన్న కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, దీన్ని అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. అదే ఏడాది కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ మీద కాగ్ నివేదిక వచ్చింది. 9999999999 అనే ఒక్క ఫోన్ నంబరు మీద దాదాపు 7.5 లక్షల మంది పేర్లు నమోదై ఉన్నాయని అందులో తేలింది. ఇంత డబ్బు కదిలే చోట తనిఖీ ఎంత పలచగా ఉందో దీన్ని బట్టి అర్థమవుతుంది.

ప్యాకేజీ స్థిరంగా ఉండటం వల్ల దానికి వ్యతిరేకమైన ఒత్తిడి కూడా ఉంది. మూడు రోజుల్లో పంపేసినా ఏడు రోజులు ఉంచినా వచ్చే డబ్బు ఒకటే. షుగరు, వయసు, ఇతర జబ్బులతో కేసు చిక్కుగా ఉంటే ‘పెద్దాసుపత్రికి వెళ్లండి’ అంటారు. రుయాకు అలా వచ్చే కేసుల బరువు ఏ లెక్కలోకీ రాదు.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది, ప్యాకేజీల్లో లేని వైద్యం. మామూలు ఓపీ, నెలనెలా మింగాల్సిన బీపీ, షుగరు మాత్రలు ఇందులోకి చాలావరకు రావు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అవి ఉచితమే. అక్కడ మందు అయిపోతే జేబులోంచి కొనాలి. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం దేశంలో మొత్తం వైద్య ఖర్చులో జనం జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం ఉంటే 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గింది. మంచి మార్పే. అయినా పది రూపాయల్లో దాదాపు నాలుగు రూపాయలు ఇంకా కుటుంబమే పెడుతోంది. షుగరు అదుపులో ఉంచే పని మీద ఏ ప్రైవేటు ఆసుపత్రికీ ప్యాకేజీ లేదు. అదుపు తప్పి కాలు తీసే దశకు వస్తే ఉంది. ఆసుపత్రులు దేనికోసం గట్టిగా అడుగుతాయో, దేని గురించి మాట్లాడవో దీన్ని బట్టే ఉంటుంది. అందుకు వాళ్లను తప్పుపట్టడం కంటే, ప్రభుత్వం డబ్బు ఎక్కడ పెడుతోందని అడగడమే న్యాయం.

ఇన్సూరెన్స్ కంపెనీ మధ్యలోకి వస్తే

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం కొత్త విధానానికి ఆమోదం తెలిపింది. కుటుంబానికి ఏడాదికి రూ.2.5 లక్షల వరకు ఇన్సూరెన్స్ కంపెనీ, ఆపైన పేద కుటుంబాలకు రూ.25 లక్షల వరకు ట్రస్టు చెల్లించాలన్నది దాని సారాంశం.

కంపెనీ లెక్క ఆసుపత్రి లెక్కకు తలకిందులు. 1,000 కుటుంబాలకు రూ.2,000 చొప్పున ప్రీమియం రూ.20 లక్షలు వచ్చిందనుకుందాం. క్లెయిములు రూ.17 లక్షలైతే మిగతా రూ.3 లక్షల్లో ఆఫీసు ఖర్చు, లాభం. రూ.22 లక్షలైతే నష్టం. కాబట్టి ఆసుపత్రి కేసులు పెరగాలని చూస్తే, కంపెనీ తగ్గాలని చూస్తుంది. అనవసర ఆపరేషన్లకు ఇది అడ్డుకట్ట అవుతుందని సమర్థించేవాళ్లు అంటారు. అవసరమైన కేసులకూ కొర్రీలు వేస్తారని విమర్శకులు అంటారు. రెండూ జరగగలవు. మిగిలిన ప్రీమియంలో కొంత ప్రభుత్వానికి తిరిగివ్వాలనే షరతు ఒప్పందంలో ఉంటే కొర్రీలు వేసే ఉత్సాహం తగ్గుతుంది. ఆసుపత్రులకూ ఇందులో ఆశ, భయం రెండూ ఉన్నాయి: గడువులోపు డబ్బు వస్తుందేమోనని ఆశ, బిల్లు తిరస్కరిస్తారేమోనని భయం.

చిక్కు రూ.2.5 లక్షల గీత దగ్గర ఉంది. ఓ ఇంట్లో తల్లికి క్యాన్సర్ చికిత్స నడుస్తోంది. కీమో కోర్సు మధ్యలో కంపెనీ వాటా అయిపోయింది. తర్వాతి సైకిల్‌కు, అంటే తర్వాతి విడత కీమోకు, అనుమతి ట్రస్టు ఇవ్వాలి. రెండు చోట్లా కాగితాలు మళ్లీ పెట్టాలా, లేక ఒక్క అప్రూవల్ చాలా? ఒకే ఆపరేషన్ బిల్లు గీతకు రెండు వైపులా పడితే ముందు ఎవరు చెల్లిస్తారు? వీటికి ఒప్పందంలో రాసే జవాబును బట్టే తిరుపతిలో ఓ 100 మంచాల ఆసుపత్రి ఆమెను మూడో సైకిల్‌కు చేర్చుకోవడమో, స్విమ్స్‌కు వెళ్లమనడమో ఉంటుంది.